ముందే సర్దిన ముక్కలు

కిందటివారం మనం సరోజమ్మ కేక దగ్గర ఆగాం. మదీనాగూడలో హైవేకి కాస్త లోపలగా ఉన్న అపార్టుమెంట్ల క్లబ్‌హౌస్‌లో జోడీ బ్రిడ్జి క్లబ్బు వారి ఆదివారం పోటీ నడుస్తోంది. సరోజమ్మ మొదటి ఆటకే బోర్డులోంచి తన పదమూడు ముక్కలూ తీసి, విప్పి చూసుకుని, "ఇవేందబ్బా, ఎవురో ముందే సర్దిపెట్టినారే!" అని హాలంతా వినబడేలా అంది. ఆట ఆగిపోయింది. అందరి తలలూ ఒక్కసారిగా వాసంతి వైపు తిరిగాయి.

బ్రిడ్జి పేకాట తెలియనివాళ్ళకి ఆ కేకలో అంత ఏముందో అర్థం కాదు. ఈ పోటీల్లో ఒకసారి పంచిన ముక్కలే అన్ని బల్లలకీ తిరుగుతాయి. అదృష్టం పాలు తగ్గి, ఆట పాలు తేలాలని అలా పెట్టుకున్నారు. నాలుగు అరలున్న ప్లాస్టిక్ పలక ఒకటి ఉంటుంది, దాన్నే బోర్డు అంటారు. ఒక్కో అరలో ఒక్కొక్కరి ముక్కలు. ముందురోజే ఇంట్లో పేకలు కలిపి, ముఖం కిందికి పెట్టి పంచి, ఒక్క ముక్కైనా తిప్పి చూడకుండా అరల్లో దోపి, పెట్టెలో పెట్టి తేవడం వాసంతి పని. ఆ పని చేసినవాళ్ళు ఆ రోజు ఆడరాదు. అలా చూడకుండా పంచిన ముక్కలు ఎప్పుడూ కలగాపులగంగానే ఉండాలి. రంగుల వారీగా, వరసగా ఉన్నాయంటే ఎవరో తీసి, చేత్తో పట్టుకుని, చూసి పెట్టారన్నమాట. పేక అలవాటైన వేళ్ళు పదమూడు ముక్కలు అందగానే సర్దకుండా ఊరుకోలేవు. తిరిగి పెట్టేటప్పుడు మళ్ళీ కలపాలని కంగారులో గుర్తుండదు.

బుధవారం సాయంత్రం కమిటీ కూర్చుని విచారిస్తుందని చెప్పారు. ఆ బుధవారం పొద్దున్న వాసంతి ఇంట్లో మాగాయ జాడీ దగ్గర గొడవ మొదలైంది.

"ఇందులో తడి చెంచా పెట్టిందెవరు?"

"నేను కాదు," అన్నాడు ఆవిడ భర్త ఉదయ్ భాస్కర్, పేపరు దించకుండానే.

"పొద్దున్న మాగాయ వేసుకున్నది మీరొక్కరే."

"వేసుకుంటే? చెంచా పొడిగానే ఉంది."

"పొడి చెంచాకి నీటిబొట్లు ఎక్కడివండీ? అంచున చూడండి."

"అది నూనె."

"నూనె ఇంత తెల్లగా ఉంటుందా?"

ఆయన పేపరు మడిచి బల్లమీద పడేశాడు. "పొద్దున్నే ఈ విచారణ ఏమిటే? సాయంత్రం ఒకటుంది, అది చాలదూ నీకు?"

సోఫాలో కూర్చుని విభూతి పెట్టుకుంటున్న అత్తగారు కనకలక్ష్మి అక్కణ్ణుంచే అంది: "కాస్త ఎండలో పెడితే అదే పోతుంది. చెంచాడు నీళ్ళకి ఇంత రాద్ధాంతమా, వాసంతీ?"

వాసంతి పైపొర పచ్చడి తీసి పారేసి, జాడీ అంచు పొడిగుడ్డతో తుడిచింది. పచ్చడి పోయినందుకు కాదు ఆవిడ బాధ. చెంచా ఆయన కంచం పక్కనే ఉంది. జాడీ ముందు కూర్చున్నది ఆయనే. అయినా 'నేను కాదు' అన్న మాట ఆ మనిషి నోటికి తుమ్ము వచ్చినంత తేలిగ్గా వచ్చేస్తుంది. పెళ్ళయిన కొత్తలో అది చమత్కారంగా ఉండేది.

సాయంత్రం క్లబ్‌హౌస్ పై అంతస్తులో బల్లలన్నీ గోడవారకి జరిపి, మధ్యలో ఒక్కటి ఉంచారు. అధ్యక్షుడు సోమేశ్వరరావు మూసాపేటనుంచి మెట్రోలో వచ్చి, ఆటో ఎక్కి చేరినట్టున్నాడు, ఇంకా చెమట తుడుచుకుంటూనే ఉన్నాడు. రెవిన్యూలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. ఎవరిచేతా మాట పడడు, ఎవరినీ మాట అనడు. ఏ తగువైనా టిఫిన్లు వచ్చేలోగా తేలిపోవాలన్నది ఆయన పద్ధతి. ఆయనకి కుడిపక్కన సరోజమ్మ. కడపనుంచి వచ్చి కొండాపూర్ చుట్టుపక్కల స్థలాల వ్యాపారంలో కుదురుకున్న మనిషి, మొహమాటం ఎరగదు. ఎడమపక్కన కార్యదర్శి హోదాలో ఉదయ్ భాస్కర్. బల్లకి ఇవతల, విడిగా వేసిన కుర్చీలో వాసంతి.

గోడ దగ్గర రమ్య నిలబడి ఉంది. రాయదుర్గంలో ఏదో కంపెనీలో ఉద్యోగం, మెళ్ళో ఇంకా ఆఫీసు కార్డు తియ్యలేదు. ఇప్పుడు ఉదయ్ భాస్కర్‌కి ఆటలో జోడీ ఆ అమ్మాయే. అంతకుముందు వాసంతి ఉండేది. ఆయన ఉద్యోగరీత్యా విద్యుత్ శాఖ కాలనీల్లో ఉన్నన్నాళ్ళూ, ఆ తర్వాతా, భార్యాభర్తలిద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఆడినవాళ్ళే. ఓడిన రోజున ఇంటిదాకా కారులో పాఠం చెప్పేవాడు. గెలిచిన రోజున ఈల వేసుకుంటూ నడిపేవాడు. రమ్య చేరాక ఒకరోజు, "చిన్నవాళ్ళు రావాలి క్లబ్బుకి. నువ్వు కొన్నాళ్ళు పెట్టె పని చూడు. అంత శుభ్రంగా ఎవరు చేస్తారు?" అన్నాడు. కొన్నాళ్ళే కదా అని వాసంతి లేచి ఆ కుర్చీ ఇచ్చేసింది.

"వాసంతిగారూ," అన్నాడు సోమేశ్వరరావు, "తప్పు పట్టడానికి కాదమ్మా పిలిచింది. ఏం జరిగిందో మీరు చెబితే, విని, ఇక్కడితో ముగించుకుందాం. నెలాఖరున రాష్ట్ర జట్టు ఎంపికకి మన క్లబ్బునుంచి ఒక జోడీని పంపాలి. ఈ మరక ఉండగా పంపలేం కదా."

ఆయన బల్లమీద నాలుగు బోర్డులు పెట్టాడు. ఆదివారం ఇవి ఇంకా ఏ బల్లకీ వెళ్ళకముందే పెట్టె మూసేశారు కాబట్టి ఎవరి చేతిలోనూ పడనివి.

"ఒక్కటి చూడొచ్చా?" అని అడిగింది వాసంతి.

"చూడండి, చూడండి."

అరలోంచి పదమూడు ముక్కలు తీసి విప్పింది. మామూలుగా ఎవరైనా ఎరుపు పక్కన నలుపు, నలుపు పక్కన ఎరుపు వచ్చేలా సర్దుకుంటారు, కంటికి తేడా తెలియాలని. పెద్ద ముక్కలు ఎడమవైపు ఉంచుకుంటారు. ఇందులో డైమన్లు, వాటి పక్కనే ఆఠీన్లు, ఆ తర్వాత కళావర్లు, ఇస్పేట్లు. ప్రతి రంగులోనూ చిన్నవి ముందు, ఆసు చివర. డైమన్ల మధ్యలో ఒక ఆఠీను తొమ్మిది దూరి ఉంది.

వాసంతి ముక్కల్ని మళ్ళీ ఒకసారి ఎడమనుంచి కుడికి చూసింది.

ఎర్రవి రెండూ పక్కపక్కన పెట్టకండి, కళ్ళజోడు లేనప్పుడు పొరబడతారు, అని ఎన్నిసార్లు చెప్పిందో. ఆటలో డైమను అనుకుని ఆఠీను వేసి, ఎన్ని పట్లు పోగొట్టాడో. 'మా అమ్మ దగ్గర రమ్మీ నేర్చుకున్నప్పుడు పడిన అలవాటు, ఇప్పుడు మారదు' అనేవాడు. ఈ హాల్లో మిగతావాళ్ళకి అవి సర్దిన ముక్కలు, అంతే. ఆవిడకి మాత్రం మొగుడి చేతిరాత చూసినట్టుంది.

తలెత్తి ఆయన వైపు చూసింది. ఆయన ఆవిడని చూడలేదు. ఆవిడ చేతిలో విచ్చుకుని ఉన్న ముక్కల్ని చూశాడు. చూసిన వెంటనే గొంతు సవరించుకున్నాడు.

"అధ్యక్షా, కార్యదర్శిగా కాదు, భర్తగా ఒక మాట చెప్పనివ్వండి. శనివారం మధ్యాహ్నం నేను భోంచేసి పడుకున్నాను. ఆవిడ ఒక్కతే హాల్లో కూర్చుంది. ఆటంటే ఆవిడకి ప్రాణం, మీకందరికీ తెలుసు. ఆడటం మానేశాక చేతులు ఊరుకోవు కదండీ. సరదాకి తీసి చూసుకుని ఉంటుంది. నాకు మాత్రం ఒక్క ముక్క సంగతి కూడా చెప్పలేదు, అది ప్రమాణం చేసి చెప్పగలను. ఆవిడ తరపున నేను క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఇక్కడితో వదిలెయ్యండి."

చెయ్యి గుండెలమీద పెట్టుకుని మరీ చెప్పాడు.

శనివారం పొద్దున్నే బోర్డులు పంచి పెట్టెలో పెట్టేసి, మధ్యాహ్నం వాసంతి అత్తగారిని తీసుకుని కళ్ళ డాక్టరు దగ్గర ఉంది. ముసలావిడ కళ్ళలో చుక్కలు వేసి కూర్చోబెడితే, చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చుంది. దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరారు. నోరు తెరిచింది, ఆ మాటే చెబుదామని. ఇంట్లో లేను అంటే, మరి ఉన్నదెవరు అన్నది తర్వాతి ప్రశ్న. దానికి ఈ గదిలో ఉన్న జవాబు ఒక్కటే. చేతిలోని ముక్కలు దగ్గరకి చేర్చి అరలో పెట్టేసింది.

అందరి మొహాలమీదనుంచీ అప్పటికే బరువు దిగిపోయింది. సోమేశ్వరరావు, "అంతే కదా, అంతే కదా" అని తల ఊపాడు. క్లబ్‌హౌస్ చూసుకునే స్వామి పునుగుల పళ్ళెంతో తలుపు తోసుకుని వచ్చి, "సార్, ఇగ వేడి మీద తినుండ్రి, చల్లగైతే బాగుండయి," అన్నాడు.

"ఆంటీ," అంది రమ్య. "ఎందుకండీ ఇలా చేశారు? వరసగా గెలుస్తున్నామని ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాను. ఇప్పుడు నేను నిజంగా గెలిచానో లేదో నాకే తెలీదు."

వాసంతి ఆ పిల్ల వైపు చూసింది. నిజంగా బాగా ఆడే పిల్ల.

సరోజమ్మ పునుగులు ముట్టలేదు. "ఉండండి సార్, జర్రున మూసేయాకండి. వాసంతమ్మా, నువ్వు చెప్పు. మీ ఆయప్ప చెప్పేది వింటిమి. నీ నోటితో చెప్పు. డమ్మీ మాదిరి ముక్కలన్నీ బల్లమీద పరిచేసి, ఆట జోడీకి ఇడిసిపెట్టి కూసుంటే ఎట్ల? ఆడేదంతా ఆయప్పేనా?"

"నేను చూడలేదు," అంది వాసంతి.

చిన్నగానే అంది. కానీ అంది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినబడింది.

ఉదయ్ భాస్కర్ నవ్వాడు. చిన్నపిల్లల అబద్ధానికి పెద్దవాళ్ళు నవ్వే నవ్వు. "అలాగే అంటుందండీ, పాపం. నలుగురిలో సిగ్గు కదా. ఇంక అడక్కండి."

సోమేశ్వరరావు పళ్ళెం ఆవిడ వైపు జరిపాడు. "తీసుకోండమ్మా. ఏం ఫరవాలేదు."

సరోజమ్మ ఒక్క క్షణం వాసంతిని, ఇంకో క్షణం ఉదయ్ భాస్కర్‌ని చూసి, కుర్చీ వెనక్కి నెట్టి, లేచి వెళ్ళిపోయింది.

క్లబ్‌హౌస్‌నుంచి వాళ్ళ బ్లాకుదాకా నడక. దారి పొడుగునా పిల్లల సైకిళ్ళు, డెలివరీ బళ్ళు. వాసంతి రెండు అడుగులు వెనక నడుస్తోంది.

"శనివారం మధ్యాహ్నం నేను ఇంట్లో ఉన్నానా?"

"నెమ్మదిగా మాట్లాడు. వెనకాల వాళ్ళొస్తున్నారు."

"ఉన్నానా అండీ?"

ఆయన ఆగలేదు. "రెండో మూడో చూశాను. పంపకం ఎలా పడిందో అని. అంతే."

"నేను ఊరికే ఒక్కటి తీస్తే అదీ మీరు సర్దిందే. ఎన్ని వారాలనుంచి?"

"లెక్కలు కావాలా ఇప్పుడు?" అని, కాస్త ముందుకెళ్ళి, గొంతు తగ్గించాడు. "రిటైరయ్యాక నాకు మిగిలింది ఏముందే? పొద్దున్న వాకింగు, సాయంత్రం టీవీ. రాష్ట్ర జట్టులో ఒక్కసారి పేరు చూసుకోవాలని ఉంది. ఆ పిల్ల బాగానే ఆడుతుంది గానీ గట్టివాళ్ళు ఎదురైతే తడబడుతుంది. కాస్త ఆసరా ఇచ్చాను. ఎవడి సొమ్మూ తినలేదు కదా."

"మరి నా పేరెందుకు చెప్పారు?"

"ఇంకెవరి పేరు చెప్పను? నాది చెప్పుకుంటే క్లబ్బు గుమ్మం తొక్కనివ్వరు. నువ్వు ఎలాగూ ఆడటం లేదు. నీకు పోయేదేముంది?"

మాటలో కోపం లేదు, వెటకారం కూడా లేదు. నిజంగానే, ఆలోచించే, ఆవిడకి పోయేదేమీ లేదని ఆయన అనుకున్నాడు. అది అర్థమయ్యాక వాసంతికి ఇంక అడగడానికి ఏమీ కనబడలేదు. లిఫ్టులో ఇద్దరూ అంకెలు మారడం చూస్తూ నిలబడ్డారు.

ఇంటికొచ్చి కుక్కరు పెట్టింది. బీరకాయ పొట్టు వేయించి పచ్చడి నూరింది. అన్నం ఉడికేలోగా ఫోను తీసుకుని బట్టలారేసే బాల్కనీలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసుకుని మాట్లాడి వచ్చింది. ఎక్కువసేపు పట్టలేదు.

కొడుకు లోహిత్ రాయదుర్గం ఆఫీసునుంచి వచ్చేసరికి కంచాలు పెట్టి ఉన్నాయి. చేతులు కడుక్కుని కూర్చుని, ఎడమచేత్తో ఫోను తిప్పుతూ, "ఇదేంటమ్మా?" అన్నాడు. సభ్యులందరి ఇళ్ళవాళ్ళూ ఉన్న క్లబ్బు గ్రూపు అది. ప్రతివారం కార్యదర్శి అందులో 'వారం విశేషాలు' రాస్తాడు.

"ఏం రాశారు? పైకి చదువు," అంది కనకలక్ష్మి. చుక్కలు వేసుకుంటున్న దగ్గర్నుంచి ఆవిడకి అక్షరాలు ఆనడం లేదు.

"తర్వాత చదవొచ్చు, తిను," అన్నాడు ఉదయ్ భాస్కర్.

"చదవరా," అంది వాసంతి, పప్పుచారు వడ్డిస్తూ.

లోహిత్ చదివాడు. "గత ఆదివారం పోటీ రద్దయింది, వచ్చే ఆదివారం తిరిగి జరుగుతుంది. బోర్డులు సిద్ధం చేసే శ్రీమతి వాసంతిగారు శనివారం మధ్యాహ్నం ఇంట్లో, హాల్లో ఒంటరిగా ఉన్న సమయంలో కుతూహలం కొద్దీ ముక్కలు తెరిచి చూసినట్లు కమిటీ ముందు అంగీకరించారు. కమిటీ వారిని మందలించి, ఆ బాధ్యతనుంచి తప్పించింది. ఉదయ్ భాస్కర్, రమ్య జోడీకి ఈ విషయంతో ఏ సంబంధమూ లేదని తేలింది. పునుగులు ఏర్పాటు చేసిన సోమేశ్వరరావుగారికి ధన్యవాదాలు."

"అంగీకరించానా?" అని వాసంతి ఎవరినీ ఉద్దేశించకుండా అంది.

"శనివారమా?" కనకలక్ష్మి తల పైకెత్తింది. "శనివారం నా కళ్ళలో చుక్కలేస్తే, పక్కన కూర్చున్నది ఎవరే మరి? ఇదే కదా? ఇంట్లో ఒంటరిగా ఎప్పుడుంది? ఎవడు రాశాడ్రా ఈ పిచ్చి రాతలు?"

ఉదయ్ భాస్కర్ అన్నంలో చారు కలుపుతూనే ఉన్నాడు, కలిసిపోయాక కూడా. లోహిత్ ఫోను చూశాడు, తండ్రిని చూశాడు, మళ్ళీ ఫోను చూశాడు. ముసలావిడ చూపు మసకే గానీ కొడుకు మెడ వంచుకోవడం ఆవిడకి తెలుసు. చిన్నప్పుడు బెల్లం డబ్బా దగ్గర పట్టుబడ్డప్పుడూ ఇలాగే వంచేవాడు.

ఆవిడ గొంతు మార్చి అంది. "పోనీలేవే, వాసంతీ. వాడు నలుగురిలో తిరిగేవాడు. రేపు పెద్ద పోటీకి వెళ్ళాల్సినవాడు. ఇంట్లో ఉండేదానివి, నీకో మాట పడితే ఏం ఊడిపోయింది?"

శనివారం ఆ చెయ్యి గంటసేపు వాసంతి చేతిలోనే ఉంది.

"లైట్ తీసుకో అమ్మా," అన్నాడు లోహిత్. "ఆ గ్రూపు ఎవడు చదువుతాడు?"

"నువ్వు చదివావు కదరా."

వాడు ఫోను బోర్లా పెట్టేశాడు.

వాసంతి పెరుగు గిన్నె తెచ్చి, అందరికీ వేసి, ఆఖరికి తన కంచం దగ్గర కూర్చుంది. రోజూ అందరూ లేచాక తినే మనిషి వాళ్ళతో పాటు కూర్చోవడం చూసి, లోహిత్ కుర్చీ జరిపాడు.

"ఆదివారం నేను ఆడుతున్నాను," అంది.

ఉదయ్ భాస్కర్ తలెత్తాడు. మొహంలో కాస్త తేలిక కనబడింది. "ఆడు. ఎవరు వద్దన్నారు? మంచిదే. నలుగురిలో కనబడితే ఈ సంగతి కూడా మర్చిపోతారు. నీకు జోడీ ఎవరు?"

"సరోజమ్మగారు. ఇందాక ఫోను చేశాను, సరేనన్నారు."

"ఆవిడా? ఆవిడ నోరు..."

"ఇంకో మాట కూడా చెప్పాను. శనివారం మధ్యాహ్నం నేను ఎక్కడున్నానో."

ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది. కనకలక్ష్మి, "అయ్యో, అయ్యో" అని కంచం మీదికి వంగింది.

"మరి ఇంట్లో ఎవరున్నారని అడిగిందా?" అన్నాడు ఉదయ్ భాస్కర్.

"అడగలేదు. ఆదివారం ఆట మొదలుకాకముందు, అందరూ కూర్చున్నాక అడుగుతానన్నారు." వాసంతి అన్నంలో పెరుగు కలుపుకుంది. "నన్ను కాదు. మిమ్మల్ని."

"నన్నేం చెప్పమంటావే?"

"మీ ఇష్టం," అంది వాసంతి. "నేను మాత్రం అవతలి జోడీలో ఉంటాను. మీ పక్షాన ఉండను."